పిడిలో పిల్ల

నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరి అత్తగార్ల గురించి చెప్పుకుంటుంటే నేను ఊరికే వింటూ కూచునేదాన్ని. మా అత్తయ్య గొంతు పెంచరు. వంటకు వంకలు పెట్టరు. కొడుకు చెవిలో ఏదీ ఊదరు. ఆవిడ దగ్గర కత్తులున్నాయి, అంతే. ఆ ఒక్క మాటా చెప్పేసరికి మిగిలినవాళ్లకు ఎవరి అత్తగారు వాళ్లకు మంచిదైపోయేది.

వేళాకోళానికి అనడం లేదు. రెండు పెద్ద యుద్ధాల్లో సైనికులు నడుముకీ బూటుకీ కట్టుకుని తిరిగిన కత్తులు మా నడిమి గదిలో, గోడ పొడుగునా ఉన్న చెక్క బీరువాలో, సొరుగుల నిండా ఉండేవి. కందకాల్లో కలబడడానికి వేళ్లకు ఇత్తడి కట్టు పెట్టి చేసినవి, తుపాకీ కొసకు తగిలించే బాయినెట్‌ను సగానికి కోసి బాకుగా మార్చుకున్నవి, విమానం కూలితే తాళ్లు కోసుకోవడానికి పైలట్లు కాలికి కట్టుకున్నవి. అత్తయ్య ఒకప్పుడు బట్టల కార్ఖానాలో కత్తిరింపు పని చేసేవారు. కార్ఖానాకు ఎదురుగానే పాత ఇనుము బజారు. పని దిగాక అందరూ కూరగాయలు కొనుక్కుని ఇళ్లకు పోతుంటే ఈవిడ తుప్పు కుప్పల్లో చెయ్యి పెట్టి వెతికేవారట. "అందరి అమ్మల సంచీల్లో ఉల్లిపాయలుండేవి, మా అమ్మ సంచీలో బాకుండేది" అని మా ఆయన ఇప్పటికీ అంటారు.

ఇన్ని కత్తులున్న ఇంట్లో కూరగాయల కత్తి మాత్రం టమాటాను కోసేది కాదు, నలిపేది. నూరిద్దామంటే అత్తయ్య మొహం చిట్లించేవారు. పాత కత్తిని నూరితే దాని వయసు రాలిపోతుందని ఆవిడ నియమం. ఆ నియమం ఎప్పుడో వంటింట్లోకి కూడా పాకింది.

ఆ ఏడు వానలు తొందరగా మొదలయ్యాయి. మొదలయ్యాక ఆగడం మర్చిపోయాయి. వానాకాలమంటే మాకు కత్తుల కాలం. కత్తి ఎక్కడుండాలని ఎవరినడిగినా ఒరలో అంటారు. అత్తయ్య ఒప్పుకోరు. తోలు చెమ్మ పీలుస్తుంది, పీల్చిన చెమ్మను ఇనుముకు అంటిస్తుంది, ఒరలో వదిలేసిన కత్తిని ఒరే తినేస్తుంది. అందుకని కత్తుల అలుగులన్నీ ఒకచోట, ఒరలన్నీ ఇంకోచోట. వానలు పట్టగానే ఒరల్ని తీసి నడిమి గదిలో తాడు కట్టి ఆరేసేవాళ్లం. కిటికీ బయట నీళ్ల తెర, లోపల తాడు మీద ఖాళీ ఒరలు, గాలికి అవి ఒకదానికొకటి తగులుతూ చేసే మెత్తని చప్పుడు. ఎవరో చాలామంది వచ్చి, కత్తులు విప్పి ఇక్కడ తగిలించి, స్నానానికి వెళ్లినట్టుండేది. తడి ఆరాక వచ్చి ఎవరిది వాళ్లు పట్టుకుపోతారేమో అనిపించేది.

నూనె రాసే పని నాది. చేతికి నూలు గ్లౌజులు, పాత బనీను గుడ్డ, కుట్టుమిషను నూనె. వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఇవాళ వేలు తగిలితే కొన్నాళ్లకు ఆ ముద్ర తుప్పై పైకి తేలుతుంది. ఒక బాకు మీద అలాంటిదొకటి ఉంది, గోధుమరంగు తిరిగిన చిన్న బొటనవేలి ముద్ర. మా ఆయన పిల్లాడుగా ఉన్నప్పుడు పట్టుకున్నది. నేను దాన్ని రుద్దబోతే అత్తయ్య నా మణికట్టు పట్టుకుని, "అదొక్కటీ ఉండనీ అమ్మాయ్" అన్నారు. మా ఆయనది రైల్వేలో సిగ్నళ్ల పని. వానాకాలమంతా లైను మీదే. ఆ నెలల్లో ఇంట్లో ఆయనున్నారనడానికి ఆ బొటనవేలే గుర్తు.

"ఏమిటి, అత్తాకోడళ్లు కత్తులు నూరుతున్నారా?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగేది.

"మా ఇంట్లో నూరడం లేదండీ, నూనె రాయడమే" అనేవారు అత్తయ్య.

బీరువా అడుగు సొరుగులో నల్లగుడ్డ చుట్టిన రేకు డబ్బా ఒకటి ఉండేది. అందులోనూ కత్తే. అలుగు చూస్తే మామూలుది. పిడి మాత్రం ఎవరో సైనికుడు తీరిక వేళల్లో సొంతంగా చేసుకున్నది. కూలిన విమానం కిటికీలోంచి అద్దంలాంటి ప్లాస్టిక్ ముక్కలు కోసి, అరగదీసి, పిడికి రెండు పక్కలా బిగించి, ఒక పక్క ముక్క కింద ఫొటో పెట్టుకున్నాడు. తపాలా బిళ్లంత ఫొటో. గాలికి ఎగిరే జుట్టును ఒక చేత్తో పట్టుకుని ఒక అమ్మాయి నవ్వుతోంది. వెనక తాడు మీద ఉతికిన బట్టలు. ఆ కాలపు ఫొటోల్లో మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఈమెతో ఫొటో తీసేవాడు ఏదో అన్నాడు, ఆమెకు నవ్వొచ్చింది, అంతలో తీసేశాడు. ముందుపళ్ల మధ్య సన్నని సందు. పేరు తెలియదు, ఊరు తెలియదు, ఆ పిడి చేసినవాడు ఆమె దగ్గరికి తిరిగి వెళ్లాడో లేదో తెలియదు. మా ఇంట్లో ఆమె పేరు పిడిలో పిల్ల.

ఆ ఫొటోను తీసినప్పుడు మందునీళ్లలో సరిగ్గా కడగలేదని కనిపెట్టింది గడియారాల ఆయన. మా వీధి చివర గడియారాలు బాగుచేసే దుకాణం ఆయనది. కత్తుల పిచ్చిలో అత్తయ్యకు తమ్ముడు. నేను ఈ ఇంటికి రాకముందు ఒకసారి ఆ పిడిని చూసి, "అక్కగారూ, దీన్ని వెలుతురు తినేస్తుంది. చూసిన కొద్దీ నల్లబడిపోతుంది" అని చెప్పారట. చెప్పి, చూస్తూనే ఉండిపోయారట. మర్నాడు తన దగ్గరున్న వాటన్నిటికన్నా మంచిదాన్ని, ఇత్తడి కట్టు కత్తిని తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టారు. బదులుగా ఒక్క మాట అడిగారు. ఆవిడ ఈ వ్యాపకం చాలించిన రోజున పిడిలో పిల్ల ఆయనకు రావాలి, ఉన్నది ఉన్నట్టు. అత్తయ్య సరేనన్నారు. మా అత్తయ్య చేతిలో పెట్టిన వస్తువు పెట్టినట్టే ఉంటుందని కత్తులవాళ్లందరిలో పేరు.

అప్పటినుంచి ఏడాదికి ఒక్కసారే డబ్బా తెరిచేవారు. వానలు పట్టాక, మబ్బు దట్టంగా ఉన్న రోజు చూసి, కిటికీ దగ్గర, టీ నీళ్లు మరిగే దాకా. అంతకన్నా ఒక్క రెప్పపాటు కూడా లేదు. వంటింటి గుమ్మంలో నిలబడితే అటు స్టవ్వూ ఇటు కిటికీ రెండూ కనిపిస్తాయి. అక్కడ నిలబడి "మరిగాయి" అని చెప్పడం నా పని. ఆ పనికే పుట్టినదాన్ని నేను. గిన్నె అడుగున మొదటి బుడగ కదలగానే సిద్ధమై, నీళ్లు తెర్లగానే చెప్పేదాన్ని. "నిన్ను రైల్వేలో పెట్టాల్సింది, వాణ్ణి కాదు" అనేవారు అత్తయ్య, డబ్బా మూస్తూ. మూతపడేలోగా నాకూ ఒక చూపు దొరికేది. ప్రతి ఏడూ ఆమెలో ఏదో ఒకటి కొత్తది కనిపెట్టి, ఏడాదంతా దాని గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆ చెయ్యి ఎడమదా కుడిదా అని ఒక ఏడంతా పంతాలు పోయాం. ఆరేసిన బట్టల్లో చిన్నపిల్లల చొక్కా ఉందని నేనన్న ఏడాది అత్తయ్య చాలా రోజులు ఆలోచనలో పడ్డారు.

ఆ ఏడు కూడా నీళ్లు పెట్టాను. అత్తయ్య గుడ్డ విప్పారు, పిడిని కిటికీ వైపు తిప్పారు. నేను ఒక కన్ను గిన్నె మీద వేసి చూస్తున్నాను. ఆవిడ పిడిని చూడడం లేదు. దాని పక్కన గోడను చూస్తున్నారు. కాసేపు అలా చూసి, తల కొంచెం తిప్పి, ఇంకో పక్క గాలిలోకి చూశారు.

"ఈ ఏడు పిల్ల నవ్వడం లేదేమిటే?" అన్నారు.

నేను దగ్గరికి వెళ్లాను. పిల్ల ఎప్పటిలాగే పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. నేనేదో అనబోయేంతలో వెనక నీళ్లు తెర్లిన చప్పుడు వినిపించింది.

"మరిగాయి" అన్నాను.

అత్తయ్య వెంటనే డబ్బా మూసేశారు.

కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. చూపు నడిమధ్య నుంచి పోతోందని చెప్పాడాయన. పక్కలు కొన్నాళ్లుంటాయి, మధ్యలో ఏది పెట్టుకున్నా కనబడదు, పోయింది తిరిగి రాదు, ఉన్నదైనా నిలుస్తుందని చెప్పలేను అన్నాడు. కళ్లతో ఎక్కువ పని ఏం చేస్తారమ్మా అని అడిగాడు. "కత్తులు" అన్నారు అత్తయ్య. డాక్టరు కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. నేను వివరంగా చెప్పాక మళ్లీ ముందుకొచ్చింది.

లేవబోతూ అత్తయ్య ఒక్కటే అడిగారు. "ఈ వానలు తగ్గేదాకా ఉంటుందా?"

ఉండొచ్చు అన్నాడాయన, మందు చీటీ మీంచి తలెత్తకుండా.

బస్సులో తిరిగి వస్తుంటే అత్తయ్య కిటికీ పక్కన కూచున్నారు. అద్దం మీద నీళ్లు కారుతుంటే వాటిని తల పక్కకు తిప్పి, ఓరగా చూశారు. అలా చూస్తే కొంచెం కనబడుతుందని ఆవిడ అప్పటికే తెలుసుకున్నారు. మా వీధి మలుపు దగ్గర, "తమ్ముడికి మాటిచ్చాను కదా" అన్నారు, నాతో అన్నట్టు లేదు. నాకు అర్థమైంది. పిల్లను చూడడానికి దాచుకున్న చూపులన్నీ ఆవిడకు మిగిలే ఉన్నాయి. ఒక్కొక్క ఏడాదికి ఒక్కొక్కటి చొప్పున, ఇంకా ఎన్నో ఏళ్లకు సరిపడా పొదుపు చేసుకున్నారు. ఇప్పుడు ఆ ఏళ్లు లేవు.

రెండు మూడు రోజుల తరువాత నేను మేడ మీంచి తడిసిన బట్టలు తీసుకుని దిగేసరికి అడుగు సొరుగు తెరిచి ఉంది. అత్తయ్య కిటికీ దగ్గర పిడిని చెవి పక్కన పట్టుకుని ఓరచూపుతో చూస్తున్నారు. స్టవ్ వెలగడం లేదు.

"అత్తయ్యా, నీళ్లు పెట్టలేదు" అన్నాను.

నా గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ఆవిడ ఉలిక్కిపడి, పిడిని గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, సొరుగు తాళం వేశారు. తాళంచెవి తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు.

"నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు."

నేను తీసుకున్నాను. నాకు అప్పగించిన పని ఏదైనా సరే సరిగ్గా చేస్తానని ఆవిడకు తెలుసు. తాళంచెవి నా మెడలో గొలుసుకు తగిలించుకున్నాను.

అత్తయ్య అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. పొద్దున్నే లేచి బీరువాకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూచునేవారు. నేను నూనె రాస్తుంటే గ్లౌజు వేలితో అలుగు చివర ముట్టుకుని అది ఏ కత్తో చెప్పేవారు. ఒరల్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఏది తడిసిందో, ఏది ఆరిందో చెప్పేవారు. అన్నీ చెప్పేవారు, ఆ ఒక్క డబ్బా ఊసు తప్ప. నేను వంగినప్పుడల్లా గొలుసుకున్న తాళంచెవి అలుగులకు తగిలి టింగుమనేది. ఆ చప్పుడుకు ఆవిడ మొహం ఇటు తిరిగేది. మళ్లీ అటు తిరిగిపోయేది.

ఆ టింగు నేను ఎన్నాళ్లు భరించానో చెప్పలేను. ఒకరోజు పొద్దున వాన ఎంత దట్టంగా పడుతోందంటే, కిటికీలోంచి ఎదురింటి గోడ కూడా కనిపించడం లేదు. గదిలో వెలుతురు నీళ్లలోంచి వడగట్టి పోసినట్టుంది. నేను స్టవ్ మీద నీళ్లు పెట్టి, సొరుగు తాళం తీసి, డబ్బా తెచ్చి కిటికీ గూట్లో పెట్టి, కత్తి తీసి అత్తయ్య చేతిలో పెట్టాను.

"ఇవ్వద్దన్నానుగా" అన్నారు.

"అడిగితే ఇవ్వద్దన్నారు. మీరు అడగలేదుగా."

అత్తయ్య వేళ్లు పిడి చుట్టూ మూసుకున్నాయి. కుర్చీని కిటికీకి దగ్గరగా జరుపుకున్నారు. నేను గుమ్మంలో నా చోట నిలబడ్డాను. ఆవిడ తల ఇటు తిప్పి, అటు తిప్పి, చివరికి ఒక పక్కకు వంచి, పిట్ట గింజను చూసినట్టు, ఆ వంపులో పిల్లను దొరకబుచ్చుకున్నారు. భుజాలు సడలాయి.

గిన్నె అడుగున బుడగ కదిలింది. తరువాత ఇంకొకటి. నీళ్లు రొద మొదలుపెట్టాయి. ఆ రొద అత్తయ్యకూ వినిపిస్తోంది, ఆవిడ చెయ్యి డబ్బా మూత కోసం వెతుకుతోంది.

నేను గ్లాసుతో చన్నీళ్లు తీసి గిన్నెలో పోశాను.

రొద ఆగిపోయింది. గదిలో వాన చప్పుడు మాత్రం మిగిలింది. మూత కోసం వెతికిన చెయ్యి తిరిగి ఒళ్లోకి వచ్చింది.

"ఇవాళ మంట తక్కువగా ఉన్నట్టుందే" అన్నారు అత్తయ్య కాసేపటికి.

"అవునత్తయ్యా. చెమ్మ కదా."

నీళ్లు మళ్లీ రొద చేశాయి. మళ్లీ పోశాను. గిన్నె నిండిపోయాక స్టవ్ ఆపేసి, పీట తెచ్చుకుని ఆవిడ పక్కన కూచున్నాను. ఈ ఇంటికి వచ్చాక పిల్లను తీరిగ్గా చూడడం అదే మొదలు.

ఆ తరువాత కత్తిని డబ్బాలో పెట్టలేదు. కిటికీ గూట్లో, మందుల సీసాల పక్కనే ఉంచేశాం. వాన వెలిసిన పూట ఎండ నేరుగా దాని మీద పడేది. ఫొటో ముందుగా టీ రంగుకు తిరిగింది. ఆ రంగు అంచుల నుంచి లోపలికి, మెల్లగా, సాయంత్రం పడ్డట్టు వచ్చింది. తాడు మీది బట్టలు మొదట పోయాయి. నేను చెప్పిన చిన్న చొక్కా పోయేముందు అత్తయ్య ఓరచూపుకు చిక్కింది. "ఉందే, నిజమే" అని ఒప్పుకున్నారు. తరువాత జుట్టు పోయింది, జుట్టు పట్టుకున్న చెయ్యి పోయింది. ఇంట్లో పని చేసుకుంటూ వచ్చిపోతూ చూసేవాళ్లం. ఆవిడకు దొరికింది ఆవిడ చెప్పేవారు, నాకు దొరికింది నేను చెప్పేదాన్ని. కొన్నాళ్లకు ఇద్దరం చెప్పేది చూసినదో, అనుకున్నదో తేడా తెలియడం మానేసింది. గాలి ఎటు వీస్తోందో చెప్పుకున్నాం. ఫొటో తీసేవాడు ఏమన్నాడో చెప్పుకున్నాం. అదైతే రోజుకొకటి, కొన్ని పైకి చెప్పుకునేవి కూడా కావు. అత్తయ్యకు అలాంటి మాటలు వచ్చునని నాకు అంతవరకూ తెలియదు.

మధ్యలో ఒకరోజు మా ఆయన వచ్చారు, బురద బూట్లతో, రెండు రాత్రుల నిద్ర కళ్లల్లో పెట్టుకుని. గూట్లో ఎండలో ఉన్న కత్తిని చూసి ఆగిపోయారు. వాళ్లమ్మను చూశారు, నన్ను చూశారు. గ్లౌజులు లేని చేత్తో అలుగును ఒకసారి తాకి లోపలికి వెళ్లిపోయారు.

"వాడు ముట్టుకున్నాడా?" అని అడిగారు అత్తయ్య.

"అవును. తుడిచేయనా?"

"వద్దు."

వానలు వెనకబడ్డాయి. ఒరలన్నీ ఆరాయి, తాడు విప్పేశాం. చివరికి పిల్లకు నవ్వొక్కటే మిగిలింది. టీ రంగు నీళ్ల అడుగున తెల్లని గింజల్లా కొన్ని పళ్లు, వాటి మధ్య సన్నని సందు. అది పోయిన రోజు ఏదో నాకు తెలియదు. ఒక పొద్దున చూస్తే లేదు. అత్తయ్యకు చెప్పాను. "నాకు నిన్ననే పోయింది" అన్నారు. అది ఫొటో గురించో, చూపు గురించో అడగలేదు నేను.

గడియారాల ఆయనను రమ్మని అత్తయ్యే కబురు పెట్టించారు. ఆయన శుభ్రంగా గడ్డం గీసుకుని, మెత్తని గుడ్డ పరిచిన పెట్టె ఒకటి తెచ్చుకున్నారు. నడిమి గదిలో బల్ల మీద రెండు మూటలు పెట్టి ఉంచాం. ఒకదానిలో పిడిలో పిల్ల. రెండోదానిలో ఆయన ఎప్పుడో ఇచ్చిన ఇత్తడి కట్టు కత్తి.

"చూపు పోయింది తమ్ముడూ" అన్నారు అత్తయ్య. "ఇక ఇవి నా వల్ల కాదు."

ఆయన మొదటి మూట విప్పారు. అలవాటుగా కంటిలో చిన్న భూతద్దం ఇరికించుకుని పిడిని వెలుతురుకు తిప్పారు. ఇంకో పక్కకు తిప్పి చూశారు. మళ్లీ ఇటు తిప్పారు.

"బొమ్మ ఏమైందక్కగారూ?"

"అయిపోయింది" అన్నారు అత్తయ్య. "చూసేశాం."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అత్తయ్య బల్ల మీద తడిమి రెండో మూటను ఆయన వైపు నెట్టారు. "మాట తప్పింది నేను. నీది నువ్వు పట్టుకుపో."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. లేచి, ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లారు. చెప్పుల్లో కాళ్లు పెట్టారు. అక్కడే అటు తిరిగి, ఆగిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నవాడిలా, చాలాసేపు నిలబడ్డారు. భూతద్దం కంటికి అలాగే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టున్నారు. అత్తయ్య ఆయన చెప్పుల చప్పుడు కోసం వింటున్నారు. అది రాలేదు.

"నేను ఒక్కసారే చూశానక్కగారూ" అన్నారాయన, ఇటు తిరక్కుండానే. "నాకు నవ్వొకటే గుర్తుంది. అక్కడ ఇంకా ఏమేం ఉండేవి?"

అత్తయ్య మొహం నావైపు తిరిగింది. కొంచెం పక్కకే చూశారు, అయినా నా కోసమే చూశారని తెలిసింది.

"ఎక్కడ మొదలుపెడదామే అమ్మాయ్?"

"తాడు దగ్గర మొదలుపెడదామత్తయ్యా" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూచున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టాను. ఉన్నవాటిలో పెద్ద గిన్నె తీసి, అంచు దాకా నింపి పెట్టాను.